జాంబీ మళ్లీ మనిషి ఎట్లా అయ్యాడు?

ఇయ్యాల టాపిక్ జాంబీలు. అవును, చేతులు ముందుకు చాపి, మెడ ఒక పక్కకి వాల్చి, ఊళ్ల మీద పడే ఆ బ్యాచే. కానీ ఎవరు ఎవర్ని ఎక్కడ కొరికారు అనేది కాదు మన ముచ్చట. గత పది పదిహేనేళ్లలో టీవీ సిరీసుల్లో ఒక వింత జరిగింది. జాంబీకి పేరు వచ్చింది. అమ్మానాన్న వచ్చారు, ఉద్యోగం వచ్చింది, సిగ్గు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. కనపడగానే తల మీద కాల్చి పారేయాల్సిన శవం కాస్తా, అమ్మ బాధపడుతుందని డైనింగ్ టేబుల్ దగ్గర తింటున్నట్టు యాక్ట్ చేసే కొడుకు అయ్యాడు. ఇది ఎట్లా అయింది?

యూట్యూబ్‌లో దీని మీద చాలా వీడియోలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ మంది చెప్పే లెక్క ఒకటే: మొదట్లో జాంబీ రాక్షసుడు, ఈ మధ్యనే మనిషయ్యాడు అని. నాకు ఆ లెక్క తప్పనిపిస్తుంది. జాంబీ మొదలు పుట్టడమే మనిషిగా పుట్టాడు. మధ్యలో కొన్నేళ్లు మాత్రం రాక్షసుడి డ్యూటీ చేశాడు. ఆ ముందు కథ తెలియకపోతే టీవీ కథ సగమే అర్థమవుతుంది.

అందుకని ముందు హైతీకి పోదాం. కరీబియన్ సముద్రంలో ఒక దీవి, దాంట్లో పడమటి భాగం. 18వ శతాబ్దంలో అది ఫ్రాన్స్ వాళ్ల కాలనీ, పేరు సాన్ దొమాంగ్. యూరప్ వాళ్లు చాయ్‌లో, కాఫీలో వేసుకునే చక్కెరలో పెద్ద వాటా అక్కడి నుంచే పోయేది. ఆ చెరుకు తోటల్లో పని చేసింది ఆఫ్రికా నుంచి ఓడల్లో కట్టేసి తెచ్చిన బానిసలు. 1789 నాటికి దాదాపు అయిదు లక్షల మంది. పని ఎంత ఘోరంగా ఉండేదంటే, వచ్చినవాళ్లు కొన్నేళ్లకే చనిపోయేవాళ్లు, వాళ్ల ప్లేస్‌లో కొత్త ఓడ దిగేది. వాళ్లకి మిగిలిన ఒకే ఒక్క ఆశ ఏంటంటే, చచ్చాకైనా ఆత్మ గినీకి, అంటే పుట్టిన ఆఫ్రికాకి, తిరిగి వెళ్తుంది అని.

ఇప్పుడు జాంబీ అంటే ఎవరో చూడండి. మంత్రగాడు సమాధి లోంచి లేపి, ఆత్మని లాగేసుకుని, ఒళ్లుని మాత్రం మళ్లీ తోటలో పనికి పెట్టినవాడు. చావు కూడా విడిపించలేని బానిస. మన తెలంగాణ భాషలో చెప్పాలంటే వెట్టి. నిజాం కాలంలో దొరల దగ్గర మన తాతలు, ముత్తాతలు చేసిన వెట్టి చాకిరి తెలుసు కదా, తండ్రి చేసిన అప్పుకి కొడుకు భాగేలాగా పోయి పని చేయడం. దాన్ని ఇంకొంచెం లాగి, చచ్చాక కూడా వెట్టి తప్పదు అనుకోండి, అదే హైతీ జాంబీ. అక్కడి జనానికి భయం జాంబీ వచ్చి కొరుకుతాడని కాదు. నేనే జాంబీ అయిపోతానేమో అని. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, చివరిదాకా పనికొస్తుంది.

వాళ్ల కథల్లో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. జాంబీకి ఉప్పు లేని తిండి మాత్రమే పెట్టాలంట. పొరపాటున ఒక్క ఉప్పు కల్లు నాలుక మీద పడిందా, వాడికి తెలివొస్తుంది, తను ఎవరో గుర్తొస్తుంది, నేరుగా తన సమాధి వెతుక్కుంటూ వెళ్లిపోతాడు. మన ఇళ్లల్లో సిగ్గూ శరం లేకుండా పడి ఉన్నవాణ్ని ఏమని తిడతారు? ఉప్పూ కారం తింటున్నావా లేదా అని. ఎక్కడి హైతీ, ఎక్కడి మన వంటిల్లు! మనిషికి రోషం ఉప్పు లోంచి వస్తుందని రెండు చోట్లా అనుకున్నారు.

1791లో ఆ బానిసలు తిరగబడ్డారు. పదమూడేళ్లు కొట్లాడి 1804 జనవరి 1న స్వతంత్రం తెచ్చుకున్నారు. బానిసలు గెలిచి దేశం కట్టుకున్న తిరుగుబాటు ప్రపంచ చరిత్రలో అదొక్కటే. కానీ జాంబీ కథ పోలేదు. హైతీ శిక్షాస్మృతిలో 19వ శతాబ్దంలోనే ఒక సెక్షన్ చేర్చారు, 246వది. మనిషికి చావులాంటి మత్తు కలిగించే పదార్థం ఇచ్చి, పాతిపెడితే, అది హత్య కిందే లెక్క. అంటే చట్టం దృష్టిలో కూడా జాంబీ నేరస్తుడు కాదు, బాధితుడు.

తర్వాత 1915లో అమెరికా సైన్యం హైతీని ఆక్రమించింది. 1934 దాకా అక్కడే ఉంది. రోడ్లు వేయడానికి జనాన్ని బలవంతంగా పట్టుకెళ్లి పని చేయించింది, మళ్లీ వెట్టే. ఆ టైమ్‌లో విలియం సీబ్రుక్ అనే అమెరికన్ రైటర్ అక్కడ తిరిగి 1929లో ఒక పుస్తకం రాశాడు, పేరు ద మ్యాజిక్ ఐలాండ్. దాంట్లో చెరుకు తోటల్లో పని చేసే శవాల గురించి ఒక చాప్టర్ ఉంది. అమెరికా జనం ఎగబడి చదివారు. మూడేళ్లకే, 1932లో, వైట్ జాంబీ సినిమా వచ్చింది. బేలా లుగోసీ విలన్. దాంట్లో చక్కెర మిల్లు సీన్ ఒకటుంది, వీలైతే ఆ ఒక్క సీన్ చూడండి. జాంబీలు గానుగ తిప్పుతుంటారు. ఒకడు కాలు జారి గానుగలో పడిపోతాడు. పక్కవాడు తిరిగి కూడా చూడడు. గానుగ ఆగదు. హారర్ సినిమా అంటారు గానీ, నాకు అది ఫ్యాక్టరీ మీద తీసిన సినిమాలా ఉంటుంది. నేను ఐటీలో ఉన్నప్పుడు రాత్రి మూడింటికి రిలీజ్ కాల్‌లో కెమెరా ఆపేసి కూర్చున్న పద్దెనిమిది మంది పేర్లు స్క్రీన్ మీద కనిపించేవి. ఆ సీన్ చూసినప్పుడల్లా ఆ లిస్టే గుర్తొస్తుంది. సరే, మన కష్టం ఏసీ గదిలో కష్టం, పోలిక అక్కడితో ఆపేద్దాం.

మరి ఈ బానిస రాక్షసుడు ఎప్పుడయ్యాడు? 1968. జార్జ్ రొమేరో అనే కుర్ర డైరెక్టర్ పిట్స్‌బర్గ్ దగ్గర, చేతిలో ఉన్న చిన్న బడ్జెట్‌తో నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్ తీశాడు. దాంట్లో మంత్రగాడు లేడు, తోట యజమాని లేడు. శవాలు వాటంతట అవే లేస్తాయి, మనుషుల్ని తింటాయి. తమాషా ఏంటంటే ఆ సినిమాలో జాంబీ అనే మాటే లేదు. వాటిని గూల్స్ అన్నారు. జాంబీ అనే పేరు తర్వాత జనం తగిలించారు.

ఇక్కడ ఒక టెక్ కామెడీ చెప్పాలి. సినిమా పేరు ఆఖరి నిమిషంలో మార్చారు. పాత టైటిల్ కార్డు తీసి కొత్తది పెట్టేటప్పుడు కాపీరైట్ నోటీసు దాంతో పాటే ఎగిరిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క లైన్ లేకపోతే సినిమా మీద హక్కే లేదు. అంతే, ఓపెన్ సోర్స్ అయిపోయింది. ఎవడైనా వేసుకోవచ్చు, ఎవడైనా కాపీ కొట్టొచ్చు. జాంబీ ప్రపంచమంతా పాకడానికి వైరస్ ఎంత కారణమో తెలియదు గానీ, ఒక లైన్ డిలీట్ అవడం మాత్రం గ్యారంటీగా కారణం.

రొమేరో చేసిన అసలు మార్పు కెమెరాలో ఉంది. శవాల్ని గుంపుగా, దూరం నుంచి చూపించాడు. పొలంలో తేలుతూ వచ్చే నీడలు. పేర్లు లేవు, మాటలు లేవు. గుంపుని దూరం నుంచి చూపిస్తే ఎవరైనా జాంబీలే అనిపిస్తారు. మా జవహర్‌నగర్ సంగతే చూడండి. ఇక్కడ మూడు వందల ఎకరాలకు పైగా డంపింగ్ యార్డు ఉంది, సిటీ చెత్తంతా మా నెత్తినే. టీవీలో దాని గురించి వచ్చినప్పుడల్లా పై నుంచి తీసిన షాటే. చెత్త గుట్ట, పొగ, దాని మీద చీమల్లా కదిలే మనుషులు. ఆ చీమల్లో ఒకామె కూతురు డిగ్రీ చదువుతుందనో, ఇంకొకాయన పొద్దున్నే పాటలు పాడతాడనో ఆ షాట్‌లో ఎట్లా తెలుస్తుంది? కెమెరా దిగి రావాలి కదా.

రొమేరోకి ఇది తెలుసు, అందుకే నాకు ఆయన మీద గౌరవం. మొదటి సినిమాలోనే చివరికి హీరోని చంపేది శవాలు కాదు. హీరో నల్లజాతి మనిషి. రాత్రంతా పోరాడి బతికి కిటికీ దగ్గరికి వస్తే, శవాల్ని ఏరిపారేయడానికి వచ్చిన తెల్లవాళ్ల గుంపు అతన్ని కూడా జాంబీ అనుకుని కాల్చేస్తుంది. తర్వాత 1985లో డే ఆఫ్ ద డెడ్‌లో బబ్ అనే జాంబీని పెట్టాడు. గొలుసుతో కట్టేసి ఉంటాడు. చేతికి రేజర్ ఇస్తే గడ్డం గీసుకోవడం గుర్తొస్తుంది. ఫోన్ ఇస్తే చెవి దగ్గర పెట్టుకుంటాడు. హెడ్‌ఫోన్స్‌లో పాట వింటే ముఖం మారిపోతుంది. మనిషి తిరిగి రావడం అక్కడ మొదలైంది. కానీ రెండు గంటల సినిమాలో అంతకంటే ఎక్కువ చోటు లేదు.

టీవీకి మనం తర్వాత పోదాం. దానికి ముందు ఇంటి ముచ్చట ఒకటి.

జాంబీకి తెలుగు మాట ఏంటి అని అడిగితే చాలా మంది తడుముకుంటారు. నిజానికి ఉంది. జీవచ్ఛవం. బతికున్న శవం. ఇప్పుడు ఈ మాటని మనం ఎక్కడ వాడతామో ఆలోచించండి. కొడుకు పోయిన తల్లి గురించి వాడతాం. యాక్సిడెంట్ అయి మంచాన పడ్డ మనిషి గురించి వాడతాం. పంట పోయి, అప్పులోళ్లు ఇంటి ముందు కూర్చుంటే మాట పడిపోయిన రైతు గురించి వాడతాం. పరిగెత్తండ్రోయ్ జీవచ్ఛవం వచ్చింది అని ఎవరైనా అరిచారా? అనరు. ఆ మాట వింటే అయ్యో అనిపిస్తుంది తప్ప భయం వేయదు. టీవీ వాళ్లు ఇన్నేళ్లు తిప్పలు పడి చేరుకున్న చోటు మన భాషలో ఒక్క మాటలో ఉంది.

శవం మాట్లాడటం కూడా మనకి కొత్త కాదు. భేతాళుడు ఎవరు? శవంలో దూరిన ఆత్మ. చెట్టుకి వేలాడుతుంటాడు. విక్రమార్కుడు భుజాన వేసుకుని మోసుకుపోతుంటే, దారి పొడవునా కథ చెప్పి, చివర్లో ధర్మసందేహం అడుగుతాడు. తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మళ్లీ చెట్టెక్కుతాడు. ఈ కథలు 11వ శతాబ్దంలో కాశ్మీర్‌లో సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరంలో ఉన్నాయి. మన ఇళ్లకి మాత్రం చందమామ తెచ్చింది. 1947 జూలైలో మొదలైన పత్రిక, నాగిరెడ్డి, చక్రపాణి పెట్టింది. పాత భేతాళ కథలు ఇరవై అయిదే. చందమామలో మాత్రం కొత్త కొత్త కథలు అల్లుకుంటూ దశాబ్దాల పాటు నడిపించారు. కత్తి పట్టుకుని, భుజం మీద శవంతో నడిచే రాజు బొమ్మ ఉంటుంది కదా, అది శంకర్ గీసింది. ఆయన 2020 సెప్టెంబర్‌లో వెళ్లిపోయారు.

అసలు కథ ఎట్లా ముగుస్తుందో తెలుసా? ఇరవై నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పిన రాజు ఆఖరి ప్రశ్నకి మౌనంగా ఉండిపోతాడు. అప్పుడు భేతాళుడు సంతోషించి నిజం బయటపెడతాడు: నన్ను తెమ్మని పంపిన ఆ సన్యాసి నిన్ను బలి ఇవ్వబోతున్నాడు, జాగ్రత్త అని. అంటే బతికున్న మనిషి మోసం చేస్తుంటే, శవం ప్రాణం కాపాడింది. దీన్ని 1985లో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ సీరియల్‌గా తీశాడు, విక్రమ్ ఔర్ బేతాళ్. విక్రమ్‌గా అరుణ్ గోవిల్, తర్వాత రాముడయ్యింది ఆయనే. బేతాళ్‌గా సజ్జన్. తెల్ల జుట్టు, తెల్ల ముఖం, ఆ నవ్వు. రొమేరో బబ్‌కి రేజర్ ఇచ్చిన అదే ఏడాది మన టీవీలో శవం న్యాయశాస్త్రం మాట్లాడుతోంది. నేను గొప్పలు చెప్పడం లేదు, రెండూ ఒకే రకం కథలు కావు. భేతాళుడికి ఆకలి లేదు, అంటురోగం లేదు. కానీ శవానికి నోరు ఇస్తే ఏమవుతుందో మనకి ముందే తెలుసు అనేది మాత్రం నిజం.

ఇక చనిపోయినవాళ్లు ఇంటికి రావడం అంటారా, పెత్రమాస ఏంటి మరి? ఎంగిలిపూల బతుకమ్మ రోజునే, పొద్దున పోయినవాళ్ల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తాం. మా నాయనమ్మ ఆ రోజు తాతకి ఇష్టమని కంద గడ్డ కూర తప్పకుండా పెట్టేది. భయపడి కాదు, ఆకలితో వస్తాడని.

సరే, ఇప్పుడు టీవీ. 2010 అక్టోబర్ 31న ద వాకింగ్ డెడ్ మొదలైంది. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక సీన్ ఉంది. మోర్గన్ అనే అతని భార్య జాంబీ అయిపోయింది. రోజూ సాయంత్రం వచ్చి ఇంటి తలుపు గడి తిప్పుతుంది. అతను మేడ మీద తుపాకీ పట్టుకుని గురి చూస్తాడు, ఏడుస్తాడు, కాల్చలేడు. రెండో సీజన్‌లో హర్షెల్ అనే పెద్దాయన ఉంటాడు. తన భార్యని, చుట్టుపక్కలవాళ్లని పశువుల కొట్టంలో పెట్టి తాళం వేస్తాడు, కోళ్లు మేపుతుంటాడు. ఆయన దృష్టిలో వాళ్లు రోగం వచ్చినవాళ్లు. ఒకరోజు మందు దొరుకుతుంది, నయమవుతారు. మిగతావాళ్లకి అది పిచ్చిగా కనిపిస్తుంది. కొట్టం తలుపు బద్దలు కొట్టి అందర్నీ వరసగా కాల్చేస్తారు. ఆఖర్న బయటికి వచ్చేది, వాళ్లు అన్ని రోజులుగా వెతుకుతున్న చిన్న పాప సోఫియా. ఒక్క నిమిషం అందరి తుపాకులూ కిందికి దిగుతాయి. అప్పటిదాకా కాల్చినవాళ్లు కూడా ఎవరికో ఒకరికి సోఫియాలే కదా.

సినిమాకీ సిరీస్‌కీ తేడా ఇక్కడే ఉంది. సినిమాలో అయినవాళ్లు జాంబీ అయితే పది నిమిషాల్లో ఏదో ఒకటి తేల్చేయాలి. సిరీస్‌లో ఆ శవంతో వారం వారం కాపురం చేయాలి. కొట్టంలో పెట్టాలి, తిండి పెట్టాలి, పక్కింటోళ్లకి అబద్ధం చెప్పాలి. టైమ్ దొరికితే ఎవరైనా మనిషవుతాడు. కానీ నా ఒపీనియన్ చెప్పాలంటే, వాకింగ్ డెడ్ ఆ కొట్టం సీన్ తర్వాత ఆ దారి వదిలేసింది. తర్వాతి సీజన్లలో జాంబీలు ఈసీఐఎల్ చౌరస్తాలో ట్రాఫిక్ లాగ అయిపోయారు. దారికి అడ్డం, అంతే.

ఫ్రాన్స్‌లో 2012లో లే రెవనాన్ వచ్చింది. బస్సు యాక్సిడెంట్‌లో పోయిన అమ్మాయి నాలుగేళ్ల తర్వాత ఏమీ కానట్టు ఇంటికి నడిచి వస్తుంది, ఆకలేసి ఫ్రిజ్ తెరుస్తుంది. కవల చెల్లి మాత్రం నాలుగేళ్లు పెద్దదైపోయింది. రక్తం చుక్క లేకుండా ఒళ్లు జలదరిస్తుంది.

వీటన్నిటిలో నన్ను పట్టి కుదిపేసింది మాత్రం బీబీసీ త్రీ వాళ్ల ఇన్ ద ఫ్లెష్. 2013లో మూడు ఎపిసోడ్లు, 2014లో ఆరు. డొమినిక్ మిచెల్ రాశాడు. బాఫ్టా కూడా వచ్చింది. తర్వాత ఆపేశారు. కథ ఎక్కడ మొదలవుతుందంటే, మామూలు జాంబీ కథ అయిపోయిన చోట. శవాలు లేచాయి, యుద్ధం జరిగింది, మనుషులు గెలిచారు, మందు కనిపెట్టారు. రోజూ ఇంజెక్షన్ వేస్తే తెలివి వస్తుంది. గవర్నమెంట్ వాళ్లకి ఒక డీసెంట్ పేరు పెట్టింది, కొంత వరకు చనిపోయినవాళ్లు అని. ఊళ్లో జనం మాత్రం రాటర్స్ అంటారు, కుళ్లినోళ్లు అన్నమాట. ఇప్పుడు వీళ్లని ట్రీట్‌మెంట్ సెంటర్ నుంచి ఇళ్లకి పంపించాలి. ముఖానికి రంగు, కళ్లకి లెన్సులు ఇచ్చి, మామూలు మనుషుల్లా కనిపించండి, ఎవర్నీ భయపెట్టకండి అని పంపుతారు.

హీరో కీరెన్, పద్దెనిమిదేళ్లవాడు. తన ప్రాణం తనే తీసుకున్నవాడు. లేచాక తెలివి లేని రోజుల్లో ఒక అమ్మాయిని చంపాడు, అది రోజూ కళ్ల ముందు తిరుగుతుంది. సొంత చెల్లి జాంబీల్ని చంపే దళంలో పని చేసింది. అమ్మానాన్న వాణ్ని కారులో దాచి ఇంటికి తెస్తారు. రోర్టన్ అనే ఆ పల్లెటూరే అసలు విలన్. చర్చి, పబ్బు, ఇరుగు పొరుగు, అందరూ అందరికీ తెలిసినవాళ్లు. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక రాత్రి దళం వాళ్లు వీధిలోకి వస్తారు. కీరెన్ ఇంట్లోవాళ్లు తమ కోసమే అనుకుంటారు. కాదు, ఎదురింటి పెద్దావిడ కోసం. భర్త ఆమెని గుట్టుగా ఇంట్లో పెట్టుకున్నాడు. ఆమెని రోడ్డు మీదికి లాగి, భర్త వేడుకుంటుండగా, మోకాళ్ల మీద కూర్చోబెట్టి కాల్చేస్తారు. ఊళ్లోవాళ్లు కర్టెన్ల వెనక నుంచి చూస్తారు. ఆమె మాట్లాడుతూనే ఉంది. తను మామూలుగా ఉన్నానని చెప్తూనే ఉంది.

ఈ సీన్ చూసి ఇది ఇంగ్లండ్ కథ కదా అని నేను పక్కన పెట్టలేకపోయాను. 2019 సెప్టెంబర్‌లో మా పక్కనే, శామీర్‌పేట మండలం అద్రాస్‌పల్లిలో, ఒక మహిళ జబ్బు చేసి చనిపోయింది. చేతబడి వల్లే పోయిందని అనుమానం. ఆ అనుమానంతో అదే ఊరి కుర్రాణ్ని, ఇరవై నాలుగేళ్లవాణ్ని, చంపి ఆమె చితి మీదే పడేశారు. మా దగ్గర్నుంచి బండి మీద గంట కూడా పట్టదు ఆ ఊరు. ఔటర్ రింగ్ రోడ్డు అవతల, జీనోమ్ వ్యాలీ ల్యాబులు ఉన్న మండలంలోనే. తెలంగాణలో బాణామతి, చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టడం, పళ్లు పీకడం, చంపడం దశాబ్దాలుగా వార్తల్లో వస్తూనే ఉంది. ఆ కుర్రాడికి పేరు ఉంది, ఇల్లు ఉంది, చిన్నప్పటి నుంచి ఆ ఊళ్లో తిరిగినవాడు. అయినా ఒక్క మాట అంటుకోగానే, వాడు ఊరికి మనిషి కాకుండా పోయాడు. అన్నీ మాటతోనే మొదలవుతాయి. రోర్టన్‌లో రాటర్, మన దగ్గర మంత్రగాడు.

ఇంకా దగ్గరి జ్ఞాపకం కావాలంటే కరోనా. 2020 ఏప్రిల్‌లో చెన్నైలో కరోనాతో పోయిన ఒక డాక్టర్‌ని పాతిపెట్టడానికి తీసుకెళ్తే, జనం అంబులెన్స్ మీద రాళ్లు వేశారు. పేషెంట్లకి వైద్యం చేసి పోయిన మనిషాయన. పోయిన శవం లేచి రాకపోయినా, దాన్ని జాంబీలాగే చూశారు.

ఆ రోజుల్లోనే మన జనం జాంబీ సిరీసులు ఎగబడి చూశారు. కొరియా వాళ్ల కింగ్‌డమ్ రెండో సీజన్ 2020 మార్చి 13న వచ్చింది, జనతా కర్ఫ్యూకి తొమ్మిది రోజుల ముందు. మొదటి సీజన్ 2019ది. కిమ్ ఉన్ హీ రాసిన ఈ కథ జాంబీల్లో నాకు అన్నిటికంటే తెలివైన కథ అనిపిస్తుంది, ఎందుకంటే దీంట్లో జాంబీని పాపం, అమాయకుడు అని చూపించరు. ఆకలి చూపిస్తారు. యుద్ధం, కరువు. వైద్యశాలలో రోగులు తిండి లేక మాడిపోతుంటారు. ఒకరోజు జింక మాంసం పులుసు అని చెప్పి వేడి వేడిగా గిన్నెల్లో పోస్తారు. అది జింక కాదు, రోగం తగిలిన శవం. అందరూ ఆబగా తాగుతారు. రాత్రికి అందరూ లేస్తారు. తర్వాత శవాల్ని కాల్చేస్తే ఊరు బతుకుతుంది. కానీ పెద్ద కులాల శవాల్ని ముట్టుకోవద్దు, మర్యాదగా పాతిపెట్టాలి అని పట్టుబడతారు. ఆ రాత్రి ఏం లేచిందో మీరే చూడండి. రాజు కూడా జాంబీయే, పదవి పోకుండా అతన్ని గొలుసులతో కట్టేసి, మనుషుల్ని మేత వేస్తుంటారు. జాంబీ ఆకలితో అల్లాడే బీదవాడు, గొలుసు పట్టుకున్నవాడు మంత్రి. హైతీ తోట యజమాని కొరియా డ్రెస్సులో తిరిగొచ్చాడు.

అదే 2020 మే 24న మన నెట్‌ఫ్లిక్స్ సిరీస్ బేతాళ్ వచ్చింది. నాలుగు ఎపిసోడ్లు. హైవే కోసం ఆదివాసీల ఊరు ఖాళీ చేయించబోతే, సొరంగం లోంచి ఈస్టిండియా కంపెనీ సైన్యం శవాలై బయటికి వస్తుంది. హీరో పేరు విక్రమ్. ఐడియా బంగారం. కానీ భేతాళుడి పేరు తీసుకుని, కథ చెప్పే ఆయన గుణం వదిలేశారు. ఒక్క ధర్మసందేహం లేదు, అన్నీ తూటాలే.

మన తెలుగు సంగతి త్వరగా చెప్పేస్తా. 2016లో యమపాశం వచ్చింది, తమిళ మిరుతన్‌కి డబ్బింగ్. ఊటీలో ట్రాఫిక్ పోలీస్ జయం రవి చివరికి తనే జాంబీ అవుతాడు, అయినా ప్రేమించిన అమ్మాయిని గుర్తుపడతాడు. 2021 ఫిబ్రవరి 5న ప్రశాంత్ వర్మ జాంబీ రెడ్డి తీశాడు. గేమ్ తయారుచేసే కుర్రాడు తేజ సజ్జా, కర్నూలు జిల్లా, ఫ్యాక్షన్, పెళ్లి ఇల్లు, మధ్యలో జాంబీలు. నవ్వించింది, బాగా ఆడింది. నాకు దాంట్లో నచ్చిన పాయింట్ ఏంటంటే, ఫ్యాక్షన్ ఊళ్లో కత్తులు పట్టుకుని పరిగెత్తే గుంపుకీ జాంబీ గుంపుకీ దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. ఆ జోక్‌ని ఇంకొంచెం సీరియస్‌గా తీసుకుని ఉంటే ఎక్కడికో పోయేది. మన తెలుగు సిరీసుల్లో మాత్రం తిరిగొచ్చిన కొడుక్కి అన్నం పెట్టే తల్లి కథ కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నా. పెత్రమాస ఉన్న భాషలో ఆ కథ రాయడానికి ఏం తక్కువ?

ఒక్క గొడవ మాత్రం మిగిలింది. జాంబీని మనిషిని చేయడంలో ఒక మోసం కూడా ఉంది. ఐజాంబీ అని 2015 నుంచి 2019 దాకా నడిచింది. హీరోయిన్ మార్చురీలో డాక్టర్, శవాల మెదడు తిని వాళ్ల జ్ఞాపకాలతో హత్య కేసులు తేలుస్తుంది. సరదాగా ఉంటుంది, టైమ్‌పాస్‌కి బెస్ట్. కానీ ఆమె అందంగా ఉంది, ఇంగ్లీష్ బాగా మాట్లాడుతుంది, ఉద్యోగం చేస్తుంది, అందుకే మనిషి. మరి మాట్లాడలేని, వాసన వచ్చే, ఉద్యోగం లేని జాంబీ సంగతి? వాణ్ని ఇప్పటికీ తల మీద కొట్టి చంపుతారు. ఇన్ ద ఫ్లెష్ ఈ మోసాన్ని పట్టుకుంది. కీరెన్ రోజూ పొద్దున అద్దం ముందు రంగు పూసుకుని, లెన్సులు పెట్టుకుని బయటికి పోతాడు. ఎదుటివాళ్లకి ఇబ్బంది కలగకూడదని. సీజన్ రెండులో ఒకరోజు ఆ రంగు తుడిచేసుకుని, తెల్లబడ్డ ముఖంతో, ఆ కళ్లతోనే ఇంట్లో అందరి ముందుకి వస్తాడు. ఏమవుతుందో నేను చెప్పను.

మొత్తం తొమ్మిది ఎపిసోడ్లే. ఒక ఆదివారం చాలు. ముందు ఇది చూడండి, తర్వాత కింగ్‌డమ్, ఆ తర్వాత టైమ్ ఉంటే వైట్ జాంబీలో గానుగ సీన్. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఫోన్ పక్కన పెట్టి ఒక ప్రశ్న అడగండి: మీ ఊళ్లో పోయినవాళ్లు తిరిగొచ్చారని ఎప్పుడైనా అన్నారా, వస్తే ఏం పెట్టారు అని. జవాబులు రికార్డు చేసి పంపండి, కొరివి దయ్యాల మీద వచ్చే ఎపిసోడ్‌కి అవే ముడి సరుకు.